రేషన్ నిబంధనల ముసాయిదాకి అభ్యంతరం రాసే పద్ధతి – డెల్టా ఊళ్ళ కోసం

బియ్యం కార్డు రద్దయితే మర్నాడే గ్రామ సచివాలయం ముందు నిలబడతాం. ఆ కార్డును రద్దు చేయించిన వాక్యం ముసాయిదాగా ఉండి, "అభ్యంతరాలు, సూచనలు పంపండి" అని గడువిచ్చిన రోజుల్లో మాత్రం ఊరంతా కలిసినా ఒక్క కాగితం వెళ్ళదు. వాక్యం ఖరారయ్యాక దాన్ని కదిలించడం కష్టం. ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక్క మాట చేర్పిస్తే వేల కార్డులు నిలబడతాయి. ఆ మాటను ఎక్కడ, ఎలా, ఎవరికి రాయాలో గోదావరి డెల్టా పరిస్థితులకు అన్వయించి చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. ఫిర్యాదు వేరు, అభ్యంతరం వేరు. "మా అత్తగారి పేరు కార్డులోంచి పోయింది" అన్నది ఫిర్యాదు. దానికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది, 1967 హెల్ప్‌లైన్ నంబరు ఉంది, జాతీయ ఆహార భద్రతా చట్టం సెక్షన్ 15 కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉన్నారు, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. "ఈ నిబంధనలో ఫలానా వాక్యం ఇలా ఉంటే ఫలానా రకం కుటుంబాలు పోతాయి, కాబట్టి వాక్యాన్ని ఇలా మార్చండి" అన్నది అభ్యంతరం. రెండూ ఒకే కాగితంలో రాస్తే గుమస్తా దాన్ని ఫిర్యాదుల కట్టలో వేసి మండలానికి పంపేస్తాడు. నిబంధన రాసే అధికారి బల్ల మీదికి అది వెళ్ళదు. మన దగ్గర్నుంచి వెళ్ళే కాగితాలు వృథా కావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఆ నిబంధన ఎవరిది?

రేషన్‌లో అన్నీ ఒకరు రాసిన నిబంధనలు కావు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పార్లమెంటుది. ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు అన్నది అందులోనే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం కిందికి పల్లెల్లో 60.96 శాతం, పట్టణాల్లో 41.14 శాతం జనాభానే వస్తారు. 2011 జనాభా లెక్కల మీద కట్టిన వాటా ఇది. దీన్ని దాటిన కార్డులను రాష్ట్రం సొంత డబ్బుతో నడుపుతోంది. అంటే పక్కపక్క ఇళ్ళలో ఒకే రంగు కార్డున్నా ఒకరిది కేంద్రం ఖాతా, ఒకరిది రాష్ట్రం ఖాతా కావచ్చు. "కేంద్రం వాటా పెంచాలి" అని రాష్ట్ర పౌర సరఫరాల కమిషనర్‌కి రాస్తే ఆయన చేయగలిగింది లేదు. "ఆదాయ పరిమితి మార్చాలి" అని ఢిల్లీకి రాస్తే అది రాష్ట్రం చేతిలోని విషయమని తిరిగొస్తుంది. కుటుంబాలను గుర్తించే మార్గదర్శకాలు సెక్షన్ 10 ప్రకారం రాష్ట్రానివి.

ఈ-పోస్ (దుకాణంలో వేలిముద్ర తీసుకునే యంత్రం), ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం), కార్డు నిలిపివేత, దుకాణాల లైసెన్సు లాంటివి 2015 నాటి ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి. అది కేంద్రానిది, నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చింది. బియ్యం ఇవ్వలేకపోతే చెల్లించాల్సిన ఆహార భద్రతా భత్యం మీద 2015లో కేంద్రం వేరే నిబంధనలు తెచ్చింది. దుకాణం వేళలు, 1 నుంచి 15 వరకు పంపిణీ, 65 ఏళ్ళు దాటినవారికీ వికలాంగులకూ ఇంటికే సరుకు లాంటివి రాష్ట్రం ఏర్పాట్లు. 2025 జూన్ 1 నుంచి ఇంటింటికీ తిరిగే బళ్ళు పోయి డిపోలు (రేషన్ దుకాణాలు) తిరిగి తెరిచినప్పుడు వచ్చినవి ఇవి.

యానాం సంగతి పూర్తిగా వేరు. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి. అక్కడ 2015లో బియ్యానికి బదులు ఖాతాలో డబ్బు వేసే పద్ధతి మొదలైంది. యానాం వాళ్ళు విజయవాడకి రాసి లాభం లేదు, పుదుచ్చేరి పౌర సరఫరాల శాఖకి రాయాలి.

ముసాయిదా పెట్టక తప్పదా?

కొన్ని చోట్ల తప్పదు. ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 చదవండి. రాష్ట్ర ప్రభుత్వం ఈ చట్టం కింద నిబంధనలు చేసేటప్పుడు వాటిని ముందుగా ప్రచురించాలన్న షరతు అందులో ఉంది. ముందస్తు ప్రచురణ అంటే ముసాయిదా బయటపెట్టడం, ఫలానా తేదీ తర్వాత పరిశీలిస్తామని చెప్పడం, వచ్చిన అభ్యంతరాలను చూశాకే ఖరారు చేయడం. కేంద్రం చేసే నిబంధనలకు సెక్షన్ 39లో రాష్ట్రాలను సంప్రదించాలని మాత్రమే ఉంది. అయితే 2014 ఫిబ్రవరి నాటి చట్టపూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం కేంద్ర శాఖలు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలి, వచ్చిన సూచనల సారాంశాన్ని కూడా వెబ్‌సైట్‌లో ఉంచాలి.

చిక్కు జీవోలతోనూ, మెమోలతోనూ వస్తుంది. మన జీవితాల మీద ఎక్కువ ప్రభావం చూపేవి అవే, ముసాయిదా లేకుండా నేరుగా దిగిపోతాయి. వాటి విషయంలో సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి) పట్టుకోవాలి. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని అది చెబుతుంది. ఆ సెక్షన్ పేరు చెప్పి "ఈ మార్పుకు ముందు ముసాయిదా పెట్టండి" అని అడగొచ్చు. జీవో వచ్చేశాక కూడా "సవరణ కోరుతూ వినతి" అని అదే పద్ధతిలో రాయొచ్చు. బియ్యం కార్డు అర్హతల్లో తర్వాత్తర్వాత వచ్చిన సడలింపులు జీవోల సవరణలుగానే వచ్చాయి.

కేంద్రం ముసాయిదాలు గెజిట్‌లోనూ, ఆహార, ప్రజాపంపిణీ శాఖ వెబ్‌సైట్‌లోనూ వస్తాయి. హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి. గడువు లెక్క గెజిట్ కాపీ ప్రజలకు అందిన రోజు నుంచా, నోటిఫికేషన్ తేదీ నుంచా అన్నది మొదటి పేరాలోనే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవండి. పేపర్లో వార్త వచ్చేసరికే వారం పది రోజులు పోయి ఉంటాయి.

డెల్టాలో ఏ వాక్యం దగ్గర తేడా కొడుతుంది

ఇది కాస్త నిదానంగా చెప్పాలి. రాష్ట్రం మొత్తానికి ఒకే కొలత పెట్టినప్పుడు ఆ కొలత మన నేలకు ఎక్కడ సరిపోదో మనం తప్ప ఇంకెవరూ చెప్పరు.

భూమి. ఇప్పటి పరిమితి 3 ఎకరాల మాగాణి, లేదా 10 ఎకరాల మెట్ట, లేదా రెండూ కలిపి 10 ఎకరాలు. కోనసీమలో కొబ్బరి తోట మాగాణా, మెట్టా? రికార్డులో ఎలా పడి ఉంటే అలా. కొబ్బరి వేసి ముప్ఫై ఏళ్ళయినా పాత వర్గీకరణే కొనసాగే చోట్లు ఉంటాయి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువైన పొలాన్ని ఏ కింద లెక్కించాలో నిర్వచనంలో ఉండాలి. కాబట్టి ముసాయిదా చేతికి రాగానే పరిమితి అంకె కన్నా ముందు "నిర్వచనాలు" అన్న భాగం చూడాలి. మాగాణి అంటే రికార్డు ప్రకారమా, సాగు ప్రకారమా అన్నది అక్కడ లేకపోతే అదే మొదటి అభ్యంతరం.

గోదావరి పాయల మధ్య ఉన్న లంక భూములది ఇంకా పెద్ద బాధ. ఏటా వరదకు గట్టు కోసుకుపోతుంది. నేల గోదాట్లో కలిసిపోతుంది, 1బీలో (రెవెన్యూ భూమి రికార్డులో) మాత్రం ఎకరాలు ఎకరాల్లాగే నిలబడి ఉంటాయి. కంప్యూటర్‌కి కనిపించేది 1బీ. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రపు ఉప్పునీరు ఎక్కి సాగు మానేసిన భూమికీ ఇదే గతి. ఇక ఉమ్మడి పట్టాలు: తండ్రి పోయి, ముగ్గురన్నదమ్ములు వాటాలు పంచుకుని, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోని కుటుంబంలో ఐదెకరాలూ ఒకడి పేరున కనిపిస్తాయి. అతని చేతిలో ఉన్నది ఎకరం అరవై ఆరు సెంట్లు. పేరున్న వాడి కార్డు పోతుంది.

కౌలు రైతు సంగతి ఆదాయం దగ్గర వస్తుంది. పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు పరిమితి. కౌలుదారు ఐదెకరాల ధాన్యం కొనుగోలు కేంద్రానికి తోలితే డబ్బంతా ఒకేసారి అతని ఖాతాలో పడుతుంది. అందులోంచి మక్తా (కౌలు) బస్తాలు, ఎరువుల కొట్టు బాకీ, కోత మిషన్ అద్దె పోతాయి. ఖాతాలో పడిన మొత్తాన్ని ఆదాయంగా చదివితే అతను ధనవంతుడు. "పంట అమ్మకపు రాబడి, ఆదాయం ఒకటి కాదు, సాగు ఖర్చు, కౌలు తీసేసిన మిగులే ఆదాయం" అన్న వివరణ వాక్యం నిబంధనలో ఉండాలి. పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకు ఇస్తారు కాబట్టి దాన్నే ఆధారంగా తీసుకోవచ్చని కూడా చేర్చమనండి.

కరెంటు మీటరు. నెలకు 300 యూనిట్ల గీత. ఒకే పెంకుటిల్లు, ఒకే మీటరు, లోపల మూడు పొయ్యిలు. పెద్దాయన పేరున్న మీటరుకు ముగ్గురు కొడుకుల ఫ్యాన్లూ, ఫ్రిజ్‌లూ తగిలించి ఉంటాయి. అద్దె ఇళ్ళల్లో ఇంకో తంటా ఉంది. వేరేవాళ్ళ మీటర్లకు మన ఆధార్ ముడిపడి ఉండటం వల్ల పోయిన కార్డులు ప్రతి మండలంలోనూ కనిపిస్తాయి. ఇక్కడ కోరాల్సింది మూడు: సగటు ఎన్ని నెలలకు కడతారో నిబంధనలోనే రాయాలి (12 నెలలైతే వేసవి భారం సర్దుకుంటుంది), మీటరు కింద ఎన్ని కార్డులుంటే యూనిట్లను అన్నిటితో భాగించాలి, తప్పుగా ముడిపడిన మీటరు అని విద్యుత్ శాఖ ధ్రువీకరించే వరకు కార్డు ఆపకూడదు. నాలుగు చక్రాల బండికీ ఇలాంటిదే. అమ్మేసినా పేరు మార్పించని బండి అమ్మినవాడి కార్డును తినేస్తుంది. దీనికి నిబంధన మార్పు కన్నా పేరు మార్పించుకోవడమే త్వరగా తేలే దారి.

వేలిముద్ర. కొబ్బరి పీచు పరిశ్రమలో, రొయ్యల షెడ్లలో, నాట్లలో చేతులు అరిగిన ఆడవాళ్ళకు ఈ-పోస్ మీద ముద్ర పడదు. 2017 అక్టోబరు 24న కేంద్ర శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ ఉంది. ఆధార్ లేదనో, యంత్రం పనిచేయలేదనో అర్హులకు సరుకు ఆపొద్దని అందులో స్పష్టంగా చెప్పింది. దాన్ని ఉటంకించండి. ఉటంకించి ఊరుకోకుండా విధానం రాయండి: రెండుసార్లు ముద్ర విఫలమైతే కంటిపాప, అదీ కాకపోతే ఓటీపీ, అదీ కాకపోతే రిజిస్టరులో సంతకంతో ఆ పూటే సరుకు. "ఆ పూటే" అన్న మాట లేకపోతే మళ్ళీ రమ్మంటారు. రోజు కూలికి వెళ్ళే మనిషి మళ్ళీ రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే.

ఆరు నెలల నిబంధన. 2025 జులైలో నియంత్రణ ఉత్తర్వుకు సవరణ వచ్చింది. ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపి, మూడు నెలల్లోగా క్షేత్ర పరిశీలన, ఈ-కేవైసీ చేయాలి. ఐదేళ్ళకోసారి అందరికీ ఈ-కేవైసీ. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిన ఒంటరి తల్లి అక్కడే ఒకే దేశం ఒకే కార్డు కింద బియ్యం తీసుకుంటే ఈ ఇబ్బంది రాదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పాలి. గల్ఫ్‌కి వెళ్ళిన ఆడవాళ్ళ విషయం అలా కాదు. ఇంట్లో మిగతావాళ్ళు బియ్యం తీసుకుంటారు కనుక కార్డు నిలుస్తుంది, ఆమె ఈ-కేవైసీ మాత్రం కాదు. దేశంలో లేని నెలల్లో ఆమె వాటా 5 కిలోలు ఇవ్వమని అడగడం న్యాయం కాదు, అడగొద్దు కూడా. అడగాల్సింది ఇది: పేరు తీసేయకుండా "విరామం" అని పెట్టి, తిరిగొచ్చి వేలిముద్ర వేసిన నెల నుంచే వాటా మళ్ళీ మొదలుపెట్టాలి. కొత్తగా సభ్యుల చేర్పు దరఖాస్తు అడగకూడదు. ఇలా వదులుకోవాల్సింది వదులుకుని రాసిన సూచనను అధికారి నమ్ముతాడు.

వరద. దుకాణం 1 నుంచి 15 వరకు. గోదావరి ఆ తేదీలు చూసుకుని రాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, అది నెల నడుమన వచ్చింది. కనకాయలంక కాజ్‌వే మునిగితే, జి.పెదపూడిలంక, ఊడిమూడిలంక దారులు నీళ్ళలోకి పోతే పడవే గతి. "ప్రకృతి విపత్తుల సమయంలో తగు చర్యలు తీసుకోవాలి" అని ముసాయిదాలో ఉంటే అది ఎవరినీ కట్టడి చేయదు. దాని బదులు హెచ్చరికకే ముడిపెట్టమనండి. రెండో హెచ్చరిక వచ్చిన నెలలో లంక గ్రామాల డిపోలకు గడువు దానంతటదే నెలాఖరు దాకా పెరగాలి. జులై, ఆగస్టు కోటా జూన్ నెలాఖరుకే లంక డిపోలకు చేరాలి. ఇది కొత్త కోరికేమీ కాదు, 2025లో కేంద్రమే వర్షాల దృష్ట్యా ఆగస్టు వరకు కోటాను ముందుగా ఎత్తి పంచమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఉదాహరణను కాగితంలో రాయండి.

తూకం. డీలర్ని తిడతాం గానీ లోటు చాలాసార్లు మండల స్టాక్ పాయింటు (దుకాణాలకు సరుకు పంపే గోదాము) దగ్గరే మొదలవుతుంది. 50 కిలోల గోనె సంచి బరువు సుమారు 580 గ్రాములు. సంచితో కలిపి 50 కిలోలని తూచి పంపితే 200 బస్తాలకు 116 కిలోలు తరుగు. డీలరు దాన్ని కార్డుదారుల మీద సర్దుతాడు. చట్టం సెక్షన్ 24 ప్రకారం సరుకును దుకాణం గుమ్మం దాకా చేర్చే బాధ్యత రాష్ట్రానిది. కాబట్టి "దుకాణం గుమ్మం దగ్గర నికర తూకం, డీలరు సంతకం" అన్న వాక్యం కోరాలి. ఈ-పోస్‌కి ఎలక్ట్రానిక్ కాటా అనుసంధానం చేయించడానికి 2021 జూన్‌లో కేంద్రం తన సహాయ నిబంధనలను సవరించి వెసులుబాటు ఇచ్చింది, అది కూడా ప్రస్తావించొచ్చు.

బియ్యం రకం గురించి రాయాలని అందరికీ ఉంటుంది. సన్నబియ్యం ఇవ్వాలనీ, దొడ్డు బియ్యం తినలేకపోతున్నామనీ. న్యాయమైన మాటే. తినలేని బియ్యమే అక్రమంగా కాకినాడ రేవు దారి పడుతుందని డెల్టాలో తెలియనివారు లేరు. రాసేటప్పుడు మాత్రం కొలిచే అంశం రాయండి: నూక శాతం, తేమ, ఎన్ని నెలల నిల్వ, బస్తా మీద మిల్లింగ్ నెల ముద్రించడం. "నాణ్యమైన బియ్యం" అని రాస్తే నాణ్యమైనవే ఇస్తున్నామని జవాబొస్తుంది. ఫోర్టిఫైడ్ గింజలు (పోషకాలు చేర్చినవి) నూటికి ఒకటి చొప్పున కలిపేవి, అవి ప్లాస్టిక్ కావు. ఆ అపోహను అభ్యంతరంలో రాస్తే మిగతా మంచి అంశాల విలువ కూడా పోతుంది.

కాగితం ఎలా ఉండాలి

ఒక అంశానికి ఒక పేజీ. ఐదు అంశాలుంటే ఐదు పేజీలు, పైన ఒక కవరింగ్ లేఖ. లంక భూమి మీద నమూనా ఇదిగో:

"విషయం: ముసాయిదా నోటిఫికేషన్ నం. ___, తేదీ ___, నిబంధన ___ (భూమి పరిమితి) పై అభ్యంతరం, సూచన.

ముసాయిదాలోని వాక్యం: కుటుంబ సభ్యుల పేరిట 3 ఎకరాలకు మించి మాగాణి ఉండరాదు.

ఇబ్బంది: నదీ కోతకు గురైన లంక భూములు, ఉప్పునీటి వల్ల సాగు ఆగిన భూములు, వారసుల మధ్య విభజన నమోదు కాని భూములు రికార్డులో పూర్తి విస్తీర్ణంతో కొనసాగుతున్నాయి. వీటిపై రాబడి లేని కుటుంబాలు అనర్హులవుతున్నాయి.

ఆధారం: ___ గ్రామం, ___ నంబరు డిపో పరిధిలోని ___ కార్డుల పరిశీలన, అనుబంధం 1.

కోరుతున్న సవరణ: పై వాక్యం తర్వాత ఈ వివరణ చేర్చాలి – 'విస్తీర్ణం లెక్కించునప్పుడు గ్రామ సర్వేయరు, గ్రామ రెవెన్యూ అధికారి సంయుక్త పరిశీలనలో నదీ కోతకు గురైనదిగా లేదా వరుసగా మూడు సంవత్సరాలు సాగు లేనిదిగా తేలిన భూమిని మినహాయించాలి. విభజన నమోదు కాని భూమి విషయంలో వారసుని వాటాను మాత్రమే పరిగణించాలి. పరిశీలన పూర్తయ్యే వరకు కార్డును నిలుపరాదు.'

ఖర్చు అంచనా: ___ కుటుంబాలు, ___ మంది, నెలకు ___ కిలోలు."

చివరి వరుస వదిలేయొద్దు. వంద కుటుంబాలు, ఇంటికి ముగ్గురు, మనిషికి 5 కిలోలంటే నెలకు 15 క్వింటాళ్ళు, ముప్ఫై బస్తాలు. ఫైలు ఆర్థిక శాఖకి వెళ్ళినప్పుడు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. జవాబు ఫైల్లో ముందే ఉంటే ఫైలు వెనక్కి రాదు.

ఆధారం సేకరించడానికి ఒక డిపో చాలు. సెక్షన్ 11 ప్రకారం అర్హుల జాబితా బహిరంగంగా ప్రదర్శించాలి, దాన్ని అడిగి తీసుకోండి. పోయిన కార్డుల ఇళ్ళకు వెళ్ళి నాలుగే నాలుగు రాసుకోండి: ఏ నెలలో ఆగింది, చెప్పిన కారణం ఏమిటి, అసలు పరిస్థితి ఏమిటి, దాన్ని చూపే కాగితం ఉందా. కారణాల వారీగా కూడితే పట్టిక అయిపోతుంది. ఆ పట్టికలో ఎవరి ఆధార్ నంబరూ, కార్డు నంబరూ, ఫోను నంబరూ రాయొద్దు, అది బహిరంగ పత్రం అవుతుంది. "1వ కుటుంబం, 2వ కుటుంబం" అని రాసి, అసలు వివరాలు మీ దగ్గరే విడిగా ఉంచుకోండి. అడిగితే అధికారికి చూపించొచ్చు.

ఒకే లేఖను జిరాక్సు తీసి ఐదు వందలమంది సంతకాలు పెట్టి పంపితే లెక్కలో అది ఒకే సూచన. దాని బదులు పది డిపోల నుంచి పది వేర్వేరు పట్టికలు వెళ్ళనివ్వండి. డ్వాక్రా సంఘం, కౌలు రైతుల సంఘం, మత్స్యకారుల సొసైటీ, డీలర్ల సంఘం ఎవరి అంశం వాళ్ళు రాస్తే బలం. గ్రామసభ తీర్మానం జతచేస్తే ఇంకా మంచిది. తీర్మానంలో "ఫలానా నిబంధనకు ఫలానా సవరణ" అని ఉండాలి, "పేదలకు న్యాయం చేయాలి" అని ఉంటే పనికిరాదు. చౌకదుకాణం స్థాయి నిఘా కమిటీ ఊళ్ళో పనిచేస్తుంటే, సెక్షన్ 29 ప్రకారం అది ఉల్లంఘనలను జిల్లా అధికారికి రాతపూర్వకంగా తెలపాల్సిందే. ఆ రాతల కాపీలు మీ అనుబంధంలో పెట్టండి. కమిటీ లేకపోతే, లేదన్న విషయం కూడా రాయదగిన అంశమే.

పార్టీల ఊసు ఒక్క వాక్యంలో కూడా వద్దు. ఏ ప్రభుత్వం బళ్ళు పెట్టింది, ఏ ప్రభుత్వం తీసింది అన్న చర్చ మొదలైతే చదివేవాడు అక్కడితో ఆపేస్తాడు.

రాష్ట్రానికి తెలుగులోనే రాయండి. కేంద్రానికి తెలుగు లేఖతో పాటు ఒక పేజీ ఇంగ్లీషు లేదా హిందీ సారాంశం జతచేయండి, సవరణ వాక్యం అందులో తప్పకుండా ఉండాలి. ఊళ్ళో డిగ్రీ పిల్లల్ని అడిగితే సాయంత్రంలో చేసిపెడతారు. ముసాయిదాలో చెప్పిన మెయిల్‌కి పంపి, అదే రోజు పోస్టులో కూడా వేయండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, కౌంటరు దగ్గర స్పీడ్ పోస్టుకి రిజిస్ట్రేషన్ సేవ కావాలని విడిగా అడగాలి. రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. కాపీలు సీఎస్‌డీటీకీ (పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారుకీ), జిల్లా సరఫరాల అధికారికీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. గడువు చివరి రోజున మెయిల్ పెట్టే అలవాటు మానాలి. అనుబంధం పెద్దదై మెయిల్ తిరిగొస్తే మళ్ళీ పంపడానికి రోజు మిగలదు.

పంపాక

గడువు ముగిసిన నెలకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. అడగాల్సినవి: మొత్తం ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, వాటి సారాంశ పట్టిక కాపీ, మన అంశాన్ని ఆమోదించారా తిరస్కరించారా, తిరస్కరిస్తే ఫైల్లో రాసిన కారణం కాపీ. "ఎందుకు తిరస్కరించారు" అని ప్రశ్నగా అడిగితే అది సమాచారం కాదని జవాబిస్తారు, "కారణం రాసిన నోట్ ఫైలు కాపీ" అని అడిగితే ఇవ్వాలి. రాష్ట్ర, జిల్లా ఆఫీసులకు రుసుము 10 రూపాయలు, మండలంలో 5, గ్రామంలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు ఎక్కడా రుసుము లేదు, కార్డు కాపీ జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే శాఖలో మొదటి అప్పీలు.

నిబంధన ఖరారైపోయినా ఒక దారి మిగిలే ఉంటుంది. ఈ చట్టం కింద చేసిన నిబంధనలు కేంద్రానివైతే పార్లమెంటు ముందు, రాష్ట్రానివైతే శాసనసభ ముందు పెట్టాలి. అలా పెట్టిన నిబంధనలను పరిశీలించే కమిటీలు అక్కడ ఉంటాయి. మీ ఎమ్మెల్యేకి గానీ ఎంపీకి గానీ ఇచ్చే వినతిలో అదే పేజీ, అదే సవరణ వాక్యం, అదే పట్టిక పెట్టి, మొదట పంపిన అభ్యంతరం రసీదు కాపీ దానికి జతచేయండి.